జామ్‌తారా అన్నదమ్ములను మీరు ఎలా చూశారు?

ప్రశ్న: నల్లగొండ వీక్షకురాలు

అందరికీ నమస్కారం. నెట్‌ఫ్లిక్స్‌లో 2020 జనవరిలో వచ్చిన ‘జామ్‌తారా: సబ్‌కా నంబర్ ఆయేగా’ ధారావాహికను నేను చాలా ఆలస్యంగా, ఈ మధ్యనే చూశాను. ఝార్ఖండ్‌లోని జామ్‌తారా జిల్లాలో సన్నీ, రాకీ అనే అన్నదమ్ముల వరుస కుర్రవాళ్లు ఇద్దరు, తోటి పిల్లలను వెంటేసుకుని, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామంటూ ఎక్కడెక్కడి వాళ్లకో ఫోన్లు చేసి, మాటలతోనే ఖాతాలు ఖాళీ చేసే కథ అది. సన్నీగా స్పర్శ్ శ్రీవాస్తవ్, రాకీగా అంశుమాన్ పుష్కర్ నటించారనే కంటే ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినట్లు ఉన్నారనడం సరిగ్గా ఉంటుంది. కథ నడకలో గాని, నటనలో గాని నేను పట్టే తప్పు ఏమీ లేదు. అయినా పది భాగాలూ చూసిన తరువాత రెండు రోజులు నా మనసు కుదుటపడలేదు. ఎందుకో చెప్పి, మీ అభిప్రాయం అడగాలని ఇది రాస్తున్నాను.

2021 యాసంగిలో మా నాయన వడ్లు ఊళ్లోని ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టించారు. తేమ ఎక్కువ ఉందని ఆరబోయడం, కుప్పకు కావలి పడుకోవడం, తరుగు గురించి వాదులాడటం అన్నీ అయి, డబ్బులు ఖాతాలో పడిన నాలుగో రోజు మధ్యాహ్నం ఆయనకు ఒక ఫోన్ వచ్చింది. కార్డు బంద్ అవుతున్నదని, ఇప్పుడే సరిచేయకపోతే వడ్ల పైసలు వెనక్కి పోతాయని ఆ గొంతు చెప్పింది. ‘సార్, మీరు పెద్దవారు, ఎండలో బ్యాంకుకు రావద్దు, ఇక్కడి నుంచే చేసిపెడతాను’ అని కూడా అన్నది. వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని మా నాయన, ఫోన్‌కు వచ్చిన ఆరు అంకెలను కాంటా చిట్టీ వెనుక వైపు రాసుకుని, కేంద్రంలో తూకం లెక్క ఎలా చదువుతారో అలాగే ఒక్కొక్క అంకెనూ విడదీసి చదివారు. అవతల సరిగా వినబడలేదంటే రెండోసారి మరింత గట్టిగా చదివారు. నలభై ఆరు వేల రూపాయలు పోయాయి. ఆ చిట్టీ ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నది.

ఇప్పుడు నా బాధ అర్థమవుతుందనుకుంటాను. ఈ ధారావాహికలో సన్నీకి ఒక ఇల్లు ఉంది, కోరిక ఉంది, పెళ్లి ఉంది, అన్నతో పోటీ ఉంది. జిల్లాలో అందరికంటే డబ్బున్నవాడు కావాలన్న అతని ఆరాటాన్ని దర్శకుడు సౌమేంద్ర పాధి ఎంత దగ్గరగా చూపిస్తాడంటే, పోలీసు అధికారిణి డాలీ సాహూ జిల్లాకు వచ్చి వీళ్ల వెంట పడుతుంటే నేను కూడా వాళ్లు దొరకకూడదని కోరుకున్నాను. ఆ కోరిక నాలో పుట్టిన క్షణాన్ని తలచుకుంటేనే నాకు సిగ్గుగా ఉంది, ఎందుకంటే ఫోన్‌కు ఈవల మంచం మీద కూర్చున్న మనిషికి అక్కడ దొరికినది ఎక్కువగా ఒక గొంతు మాత్రమే. మోసం చేసేవాళ్ల జీవితాన్ని ఇంతగా విప్పి, మోసపోయినవాళ్లను ఇంతగా చీకట్లో ఉంచడం న్యాయమేనా? మీలో చూసినవాళ్లు ఆ అన్నదమ్ముల పట్ల ఏమనుకున్నారు?

జవాబు 1: పాలమూరు విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, మీ నాయనగారికి జరిగినది చదివి చాలా బాధ కలిగింది. మీ ప్రశ్నకు నా జవాబు కొంచెం పొడవుగా ఉంటుంది.

జాలి కలగడమూ, క్షమించడమూ ఒకటి కావు. సన్నీ మీద నాకు జాలి కలిగింది. అతన్ని నేను క్షమించలేదు. ముప్పై ఏళ్లకు పైగా బడిపిల్లల మధ్య గడిపినవాణ్ని కాబట్టి, చురుకైన పిల్లవాడు ఎలా ఉంటాడో నాకు తెలుసు. ఎదుటివాడు మాట్లాడే మొదటి రెండు మాటల్లోనే వాడి భయం ఏదో, ఆశ ఏదో పట్టుకోగలిగిన తెలివి ఆ పిల్లవాడిది. పెద్దలు అంటారు కదా, ఆవులిస్తే పేగులు లెక్కపెడతారని, అటువంటి తెలివి. అది మరొక చోట, మరొక పనిలో పడి ఉంటే ఏమయ్యేదో అన్న దిగులు ఉపాధ్యాయుడికి కలగకుండా ఎలా ఉంటుంది?

అయితే మీరు ‘సార్’ అన్న మాట రాశారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. మా పాలమూరు జిల్లా నుంచి వలస కూలీలను తీసుకుపోయే గుంపు మేస్త్రీలను చిన్నప్పటి నుంచి చూశాను. ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు మనుషులను కూడగట్టేటప్పుడు వాళ్లు డబ్బు కంటే ముందు వరుస ఇచ్చేవాళ్లు. ‘మామా, నేనుండగా నీకేం భయం, పిల్ల పెండ్లికి అడ్వాన్సు నేనిస్త’ అని గడపలో కూర్చుని చాయ్ తాగి, వేలిముద్ర వేయించుకునేవాళ్లు. ఆ తరువాత ఆ అడ్వాన్సూ, దాని మిత్తీ ఎన్ని నెలలు మట్టి మోసినా తీరేవి కావు. ఆ మేస్త్రి కూడా తరచుగా మన ఊరివాడే, ఒకప్పుడు తానూ తట్ట మోసినవాడే. జామ్‌తారా కుర్రవాడికి వరుస కలపడానికి దారి లేదు, ముఖం లేదు, ఊరు లేదు. అందుకని అతను ‘సార్’ అంటాడు. రైతు బ్యాంకుకు పోతే, మండల ఆఫీసుకు పోతే, కరెంటు ఆఫీసుకు పోతే ‘నువ్వు’ అనిపించుకుని వస్తాడు. అటువంటి మనిషిని ఆఫీసు గొంతు మొదటిసారి ‘సార్, మీరు పెద్దవారు’ అన్నప్పుడు, అంకెలు అడిగితే చదవకుండా ఉంటాడా? మీ నాయనగారు మోసపోయింది అమాయకత్వం వల్ల కాదు, మర్యాదకు ముఖం వాచి ఉండటం వల్ల అని నా నమ్మకం. ఆ మాట ఈ ధారావాహిక సూటిగా చెప్పదు, కాని ఆ పిల్లలు గొంతు మార్చి మర్యాద ఒలకబోసే తీరు చూస్తే అది మనకు తెలిసిపోతుంది.

ఇక అన్నదమ్ముల సంగతి. నాకు ఈ కథలో అన్నిటికంటే గట్టిగా తగిలినది ఫోన్ మోసం కాదు, ఒకరిని ఒకరు వాడుకోవడం. రాకీకి రాజకీయాల మీద మోజు. బ్రజేష్ భాన్ అనే నాయకుడికి ఈ పిల్లల సంపాదనలో వాటా కావాలి. అతను రాకీని దగ్గరకు తీసిన పద్ధతి గమనించండి: సన్నీ ఫోన్‌లో ఏం చేస్తున్నాడో, అతను గదిలో కూర్చుని రాకీకి అదే చేస్తున్నాడు. భయం చూపి, ఆశ చూపి, పెద్దరికం చూపి లొంగదీస్తున్నాడు. పగలంతా పరాయివాళ్లను నమ్మించి గొంతు కోసే పిల్లవాడు, తన గొంతు దగ్గరికి కత్తి వచ్చేదాకా దాన్ని కత్తి అని పోల్చుకోలేకపోయాడు. అమిత్ సియాల్ ఆ నాయకుడి పాత్రను గొంతు ఎక్కువగా పెంచకుండా నడిపిన తీరు నన్ను వణికించింది.

ఒక్క సంగతి అదనంగా చెప్పి ఆపుతాను. ఆ జామ్‌తారా జిల్లాలోనే కర్మాటాఁడ్ అనే చోటు ఉంది. బెంగాల్ సంఘ సంస్కర్త ఈశ్వరచంద్ర విద్యాసాగర్ తన జీవితం చివరి దశలో దాదాపు 18 ఏళ్లు అక్కడ ఇల్లు ఏర్పరచుకుని ఉన్నాడు, ఆడపిల్లలకు బడి పెట్టాడు, సంతాల్ గిరిజనులకు తన చేతితో హోమియో మందులు ఇచ్చాడు. అక్కడి రైల్వే స్టేషను పేరు ఈనాటికీ విద్యాసాగర్. మన కందుకూరి వీరేశలింగాన్ని దక్షిణ దేశ విద్యాసాగరుడని పిలుచుకున్నది ఆయన పేరుతోనే. ఫోన్ మోసాల కేసుల్లో ఆ కర్మాటాఁడ్ పేరే మళ్లీ మళ్లీ వినవలసి రావడం నాకు పుత్రశోకం లాంటిది. కథలో సన్నీని పెళ్లాడే గుడియా ఇంగ్లీషు పాఠాలు చెప్పే పిల్ల అన్నది గుర్తుంచుకుని, ఆమె చదువు చివరకు ఏ పనికి ఉపయోగపడిందో చూడండి.

జవాబు 2: మిర్యాలగూడ బ్యాంకు ఉద్యోగి

నల్లగొండ సోదరికి నమస్కారం. మీ ప్రశ్నలోని బాధను గౌరవిస్తూనే, నేను మీతో పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. మోసపోయినవాళ్ల కథ మనకు కొత్త కాదు, అది రోజూ మా కౌంటరు ముందుకు వస్తుంది. మనకు తెలియనిది అవతలి వైపు. అవతలివాడు ఏ మాట ముందు వాడతాడు, ఎక్కడ తొందరపెడతాడు, ఎక్కడ బెదిరిస్తాడు, ఎప్పుడు ఫోన్ పెట్టేయవద్దంటాడు అన్నది తెలిస్తేనే జాగ్రత్త పడగలం. ఆ పని ఈ ధారావాహిక మొదటి భాగం నుంచే చేసింది. మేము బ్యాంకులో గోడకు అంటించే కాగితాల్లో ‘ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు’ అని రాస్తాము. ఆ వాక్యం నిజమే కాని, చెప్పేటప్పుడు మనిషి చెబుతున్నానని అనుకోడు, సాయం పొందుతున్నానని అనుకుంటాడు. ఆ తేడాను సన్నీ గొంతు చూపించినంత బాగా మా కాగితం చూపించలేదు.

మా శాఖకు ఒక పెద్దమ్మ పింఛను కోసం వస్తుంది. కార్డును ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఆ సంచిని గుడ్డలో చుట్టి, బొడ్లో దోపుకుని తెస్తుంది. విప్పితే కార్డు కవరు మీద రహస్య సంఖ్య నాలుగంకెలూ బాల్‌పెన్నుతో రాసి ఉంటాయి, చెరిగిపోకుండా వాటి మీదే మళ్లీ మళ్లీ దిద్ది ఉంటాయి. అది చెరిపించడానికి నాకు మూడు నెలలు పట్టింది. ‘యాదికి ఉండది బిడ్డా’ అనేది ఆమె సమాధానం. ఆమె సంఖ్యను దాచకపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదు, ఆ సంఖ్య దేనికో ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పకపోవడం.

ధారావాహికలో నాకు కనిపించిన లోటు వేరు. డబ్బు ఖాతాలోంచి పోయిన తరువాత ఎటు పోతుందో అది తొందరగా దాటవేసింది. మోసం చేసినవాడు తన సొంత ఖాతాలోకి డబ్బు తెచ్చుకోడు. కొద్దిపాటి డబ్బుకు ఆశపడి తమ పాసుపుస్తకం, కార్డు, సిమ్ ఇచ్చేసిన పేదల ఖాతాలు ఉంటాయి. డబ్బు నిమిషాల మీద ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు, అక్కడి నుంచి మరిన్నింటికి ముక్కలై పోతుంది. పోలీసులకు ముందుగా దొరికేది ఆ అద్దె ఖాతా మనిషే. మన ప్రాంతపు పిల్లలు కూడా కొందరు ఇలా ఖాతాలు ఇచ్చి చిక్కుల్లో పడుతున్నారు కాబట్టి, ఆ మనిషి కథ ఉండి ఉంటే మరింత బాగుండేది.

మీ నాయనగారికి అప్పుడు ఎవరైనా చెప్పారో లేదో గాని, ఇది చదివే మిగతావారి కోసం రాస్తున్నాను. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఊళ్లో పెద్దమనుషులను అడిగి, కొడుకు పట్నం నుంచి వచ్చేదాకా ఆగి, ఆ తరువాత ఠాణాకు పోవడం కాదు. తొందరగా చెబితే డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో నిలిచి ఉండగానే ఆపించే వీలుంటుంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ లేకుండా బయటివారి వల్ల జరిగిన మోసాన్ని, సమాచారం అందిన మూడు పనిదినాల్లో బ్యాంకుకు తెలిపితే ఖాతాదారు మీద నష్టం పడదు. ఖాతాదారే రహస్య సంఖ్య చెప్పి ఉంటే మాత్రం, బ్యాంకుకు తెలిపే వరకు జరిగిన నష్టం ఆయనే భరించాలి, తెలిపిన తరువాత జరిగినది బ్యాంకు భరించాలి. అంటే మొదటి సొమ్ము పోయినా ఫిర్యాదు వెంటనే చేయడం వల్ల మిగతాది నిలుస్తుంది.

ఉపాధ్యాయులవారు చెప్పిన ‘నువ్వు’, ‘సార్’ మాట మా కౌంటరుకు కూడా తగులుతుంది. నేను దాన్ని కాదనను. ధాన్యం డబ్బులు పడే రోజుల్లో వరస బయటి దాకా ఉంటుంది, లోపల ఉన్న ఇద్దరం విసుక్కుంటాము. నేనూ విసుక్కున్నాను.

జవాబు 3: వనపర్తి డిగ్రీ విద్యార్థి

అక్కా, మీ పోస్టు మొత్తం చదివాను. నేను మొదటిసారి చూసినప్పుడు స్నేహితులతో హాస్టల్ గదిలో చూశాను, ఆ ఫోన్ సన్నివేశాలకు మేమంతా నవ్వాము. అవతలివాడు అంకెలు చెప్పేస్తుంటే ‘చెప్పిండ్రా, చెప్పిండ్రా’ అని అరిచాము కూడా. మీ నాయన రెండోసారి గట్టిగా చదివారన్న వాక్యం చదివిన తరువాత ఆ నవ్వు నాకు ఇప్పుడు నచ్చడం లేదు. అయితే తప్పు మా నవ్వుదా, తీసినవాళ్లదా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఆ పిల్లలు మా ఈడువాళ్లు, మాలాగే ఉద్యోగం లేనివాళ్లు, మాలాగే మాట్లాడుకునేవాళ్లు. అందుకని మేము వాళ్ల పక్కన కూర్చున్నాము.

జవాబు 4: దేవరకొండ గృహిణి

ఇంతవరకు అందరూ అన్నదమ్ముల గురించే రాశారు. నా దృష్టిలో ఈ కథ గుడియాది. కెనడా పోవాలని డబ్బు కూడబెట్టుకునే పిల్ల, సన్నీతో పెళ్లికి ఒప్పుకున్నది ప్రేమతో కాదు, లెక్కతో. మొదట్లో ఆ లెక్క ఇద్దరికీ సమానంగానే ఉంది. అన్నదమ్ములు ఇద్దరికీ బయటివాళ్లను నమ్మించడమే తెలుసు, తమ ఇంట్లో ఉన్న మనిషి ఏమనుకుంటున్నదో తెలుసుకునే ఓపిక లేదు. మోనికా పన్వార్ మాటల కంటే చూపులతోనే ఆ పాత్రను నిలబెట్టింది.

2022 సెప్టెంబరులో వచ్చిన రెండో సీజన్‌లో గుడియా బ్రజేష్ భాన్ మీద ఎన్నికలకు నిలబడుతుంది, సన్నీ చక్రాల కుర్చీకి పరిమితమవుతాడు. అక్కడ కథ రాజకీయం వైపు తిరిగి, ఆ అన్నదమ్ముల మధ్య ఉన్న ఉడుకు తగ్గిపోయిందని నాకు అనిపించింది. మొదటి సీజన్‌లో ఒక ముద్ద పంచుకుని తిన్నవాళ్లు ఒకరినొకరు అనుమానించడం మొదలుపెట్టిన ఘట్టం దగ్గర నేను టీవీ ఆపి కాసేపు వంటింట్లోకి పోయాను. మా ఇంట్లో రెండెకరాల గట్టు దగ్గర మొదలైన తగాదా ఇద్దరు అన్నదమ్ముల మాటలు పన్నెండేళ్లుగా ఆపేసింది. ఆ మధ్యలో ఇద్దరికీ తలో మాట మోసిన మనిషి మాత్రం ఇప్పటికీ ఇద్దరి ఇళ్లలో భోజనం చేస్తాడు. బ్రజేష్ భాన్‌ను చూసినప్పుడు నాకు ఆ మనిషే గుర్తుకొచ్చాడు. నల్లగొండ చెల్లెలికి నేను చెప్పదలచినది ఒకటే. ఆ పిల్లలు దొరకకూడదని కోరుకున్నందుకు మీరు సిగ్గుపడవద్దు. నేనూ కోరుకున్నాను. కన్నతల్లి కూడా కోరుకుంటుంది, కోరుకుంటూనే వాడు చేసింది తప్పేనని ఏడుస్తుంది.

ప్రశ్న అడిగిన నల్లగొండ వీక్షకురాలి మాట

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మోసం ఎలా జరుగుతుందో చూపడం అవసరమన్న మిర్యాలగూడ సోదరుడి మాటను ఒప్పుకుంటున్నాను. మాకు అప్పుడు 1930 గురించి గాని, అంతకు ముందున్న నంబరు గురించి గాని ఎవరూ చెప్పలేదు. మేము బ్యాంకుకు పోయింది మూడో రోజు. అక్కడ ఒకాయన ‘ఎందుకు చెప్పినవు’ అని అందరి ముందు మా నాయనను గద్దించాడు. పోయిన డబ్బు కంటే ఆ మాటే ఆయనను ఎక్కువ కుంగదీసిందని, పాలమూరు మాస్టారు రాసినది చదివిన తరువాత నాకు తెలిసింది. అయినా మోసపోయినవాళ్లకు కథలో ముఖం ఉండి ఉండవలసిందన్న నా అభిప్రాయం మారలేదు. కనీసం ఒక్కరి ఇంటి గడప అయినా దాటి లోపలికి వెళ్లి ఉంటే, వనపర్తి తమ్ముడు, అతని స్నేహితులు అంతగా నవ్వి ఉండేవాళ్లు కాదు.

మీ జవాబులు చదివిన ధైర్యంతో నిన్న రాత్రి మా నాయనను కూర్చోబెట్టి మొదటి భాగం పెట్టాను. హిందీ ఆయనకు కొంత వస్తుంది, రానిచోట నేను చెప్పాను. పిల్లలు ఫోన్ పట్టుకుని మాట్లాడే సన్నివేశం రాగానే ఆపమంటారేమోనని భయపడ్డాను. ఆపమనలేదు, మళ్లీ ఒకసారి పెట్టమన్నారు. కండువా తీసి ఒళ్లో పెట్టుకుని, ఆ తెర మీది కుర్రవాడి ముఖాన్ని చాలాసేపు చూశారు.

‘నేను ఎవరో నలభై ఏండ్ల ఆఫీసరు అనుకున్న బిడ్డా. గింత చిన్న పోరడా నన్ను సార్, సార్ అన్నది?’ అన్నారు.

కాసేపటికి, ఆ పిల్లగాడు తరువాత ఏమవుతాడో చూద్దాం, రెండోది పెట్టమన్నారు.